కుళాయి హోరులో ఫోన్ మోత

పొద్దున్న స్నానానికి వెళ్లి కుళాయి తిప్పానో లేదో ఫోన్ మోగినట్టనిపించింది. కట్టేసి విన్నాను. ఏమీ లేదు. మళ్లీ తిప్పాను, మళ్లీ మోగింది. తల కూడా తుడుచుకోకుండా బయటికొచ్చి చూస్తే మిస్డ్ కాల్ ఒక్కటీ లేదు. అక్క కూతురికి నెలలు నిండాయి, ఏ క్షణాన్నైనా కబురు రావచ్చు. "కనేది అది, నీకెందుకే ఇంత టెన్షన్" అని అక్క నిన్ననే నవ్వింది.

పోయిన వారమూ ఇదే కుళాయి, ఇదే హోరు, ఇవే చెవులు. అప్పుడు మోగని ఫోన్ ఇప్పుడెందుకు మోగుతోంది? చెవులు చురుకెక్కాయని అనుకోను. నిజంగా చురుకెక్కితే లేని మోత వినబడకూడదు కదా. నీళ్ల హోరులో అన్ని రకాల శబ్దాలూ కలగలిసి ఉంటాయి, రింగ్‌టోన్ ముక్కలాంటిది ఏదో ఒకటి వెతికితే దొరుకుతుంది. మామూలు రోజుల్లో మనసు దాన్ని పట్టించుకోదు. ఈ వారం ఆ కాస్త ముక్కకే "అదిగో" అంటోంది. వినికిడి మారలేదు, ఎంత ఆధారం దొరికితే అవునని ఒప్పుకోవాలన్న గీత కిందికి జరిగింది.

ఈ రెండూ వేరు వేరని లెక్క కట్టి చూపించిన పద్ధతి రాడార్ ఇంజినీర్ల దగ్గర నుంచి వచ్చింది. తెర మీద కనబడే చుక్క విమానమా, ఉత్త గోలా అన్నది వాళ్ల సమస్య. 1954లో మిచిగన్ విశ్వవిద్యాలయంలో విల్సన్ టానర్, జాన్ స్వెట్స్ ఆ లెక్కనే మనిషి చూపుకి వర్తింపజేశారు. అంతకుముందు మనిషి ఇంద్రియాలకు ఒక మెట్టు ఉంటుందని, అది దాటితే తెలుస్తుందని, దాటకపోతే తెలియదని అనుకునేవారు. వీళ్ల లెక్కలో అంత కచ్చితమైన మెట్టేమీ లేదు. లోపల ఎప్పుడూ కొంత గోల ఉంటుంది, అందులోంచి మనిషి తీర్పు చెబుతాడు. గీత దించితే జారిపోయేవి తగ్గుతాయి, ఉత్తుత్తి కేకలు పెరుగుతాయి. పెంచితే అటుదిటు అవుతుంది. తేడా పట్టే శక్తి పెరగనంతవరకు రెండూ ఒకేసారి తగ్గవు.

మన వేదాంతులు తాడును చూసి పామనుకోవడాన్ని భ్రాంతికి ఉదాహరణగా చెబుతారు. నాకు ఆ చీకట్లో ఎగిరి గంతేసినవాడి మీద జాలి కంటే గౌరవమే ఎక్కువ. తాడును పామనుకుంటే పోయేది ఒక గంతు. పామును తాడనుకుంటే ప్రాణమే పోవచ్చు. అలాంటి చోట పదిసార్లు తప్పుగా ఉలిక్కిపడేవాడే సరిగ్గా ఆలోచిస్తున్నాడు. ఆ లెక్కన తడి తలతో బయటికి రావడంలో నాకు నష్టమేమీ లేదు.

మధ్యాహ్నం ఆఫీసులో మీటింగ్ కూడా చివరికి ఈ గీత గురించే, ఎవరూ ఆ మాట అనలేదు గానీ. రోజూ సిస్టమ్ నుంచి వచ్చిపడే అలర్ట్ మెయిళ్లలో చాలావరకు ఉత్తవే. వాటిని మా వాళ్లు చూసీ చూడనట్టు మూసేస్తున్నారు. మేనేజర్ గారి కోరిక: ఒక్క అసలు లోపం కూడా జారిపోకూడదు, అనవసరపు అలర్ట్‌లు సగానికి తగ్గాలి. అదెలా అని అడిగితే, "ఇంకాస్త శ్రద్ధగా చూడండి" అన్నారు.

శ్రద్ధ మీద అంత నమ్మకం నాకు లేదు. 1948లో నార్మన్ మాక్‌వర్త్ ఒక ప్రయోగం ప్రచురించాడు. అంకెల్లేని గడియారం లాంటి దాని మీద ముల్లు ఒక్కో అడుగు వేస్తూ పోతుంది, ఎప్పుడో ఒకసారి రెండడుగులు ఒకేసారి దూకుతుంది. ఆ దూకుడును కనిపెట్టడమే పని. మొదటి అరగంట దాటేసరికి వదిలేయడాలు పెరిగిపోయాయి. ఇంకోటి, 2005లో జెరెమీ వోల్ఫ్ బృందం చూసింది: వెతికే వస్తువు సగం చిత్రాల్లో ఉన్నప్పుడు జనం దాన్ని 7 శాతం సార్లు వదిలేశారు. నూటికి ఒక్క చిత్రంలోనే ఉన్నప్పుడు 30 శాతం సార్లు. కళ్లు అవే, వస్తువులూ అవే. అరుదుగా ఉండేదాన్ని "ఇందులోనూ లేదులే" అని త్వరగా వదిలేస్తాం. అందుకే విమానాశ్రయాల్లో బ్యాగుల ఎక్స్‌రే చూసేవాళ్ల తెర మీదికి అప్పుడప్పుడు ఉత్తుత్తి తుపాకీ బొమ్మల్ని కంప్యూటరే చొప్పిస్తుంది. మీటింగ్‌లో ఈ సంగతి చెప్పాను. మా పక్క సీటు కుర్రాడు ఎగిరి ఒప్పుకున్నాడు, మిగతావాళ్లు ఇంకో పని నెత్తిన పడుతుందేమోనని చూశారు.

ఇలాంటి మాట వచ్చినప్పుడల్లా సోవియట్ సైనికాధికారి స్టానిస్లావ్ పెట్రోవ్ పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు, ఈరోజూ ఎత్తారు. 1983 సెప్టెంబర్ 26న అమెరికా నుంచి క్షిపణులు బయల్దేరాయని సోవియట్ ఉపగ్రహ వ్యవస్థ అలారం కొట్టింది. ముందు ఒకటి, తర్వాత ఇంకో నాలుగు. ఆయన దాన్ని తప్పుడు అలారమనే పై అధికారులకు చెప్పాడు. మేఘాల మీద పడిన ఎండను వ్యవస్థ అలా పొరబడిందని తర్వాత తేలింది. అందరూ ఆయన ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నాకు ఆయన ఆలోచించిన తీరు ఇంకా నచ్చుతుంది. నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు క్షిపణులతో మొదలుపెడతాడా అని అడిగాడు, నేల మీది రాడార్లలో ఏమీ కనబడటం లేదని చూశాడు. అలారం ఎంత గట్టిగా మోగిందన్నది పక్కన పెట్టి, అసలు అలాంటిది జరిగే అవకాశమెంత, వేరే చోట నుంచి సాక్ష్యముందా అన్నవి చూశాడన్నమాట. అయినా తనకు సగం సగం నమ్మకమే ఉందని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు.

సాయంత్రం బయల్దేరేముందు మేనేజర్ గారికి మెయిల్ పెట్టాను. జారిపోయిన ఒక్క లోపం వల్ల మనకయ్యే నష్టమెంత, ఉత్త అలర్ట్ ఒకటి తెరిచి చూడటానికి పోయే సమయమెంత, ఈ రెండూ ఇస్తే గీత ఎక్కడ పెట్టాలో లెక్క కట్టి చెబుతానని. పది నిమిషాల్లోనే జవాబొచ్చింది. రెండోది వెంటనే ఇస్తారట. మొదటిది ఇప్పటిదాకా ఎవరూ లెక్కేయలేదట, నన్నే ఒక అంచనా రాసి పంపమన్నారు.