ఆర్మీ నుంచి వచ్చాక పిల్లల కాలేజీ చదువు: ఇంటర్ ముగిసేలోపే చూసుకోవాల్సిన కాగితాలు

సర్వీసులో ఉన్నంతకాలం పిల్లల చదువుకు చిల్డ్రన్ ఎడ్యుకేషన్ అలవెన్స్ వస్తుంది. కానీ అది పన్నెండో తరగతితో ఆగిపోతుంది. అసలు ఖర్చు మొదలయ్యేది ఆ తర్వాతే. మన చిత్తూరు, తిరుపతి జిల్లాల జవాన్లు, హవల్దార్లు చాలామంది పింఛను తీసుకుని ఊరికొచ్చే వయసుకు పెద్దబిడ్డ సరిగ్గా ఇంటర్‌లో ఉంటుంది. అందుకే ఈ విషయం ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట చూడాల్సింది మాజీ సైనికుల సంక్షేమం చూసే కేంద్రీయ సైనిక్ బోర్డు ఇచ్చే ప్రధానమంత్రి స్కాలర్‌షిప్. అమ్మాయికి నెలకు 3,000, అబ్బాయికి 2,500 రూపాయలు. నెలనెలా కాదు, ఏడాది మొత్తం ఒకేసారి ఖాతాలో పడుతుంది. అంటే అమ్మాయికి 36,000, అబ్బాయికి 30,000. నాలుగేళ్ల బీటెక్ చదివే అమ్మాయికి మొత్తం 1,44,000. ఏటా 5,500 మందికి ఇస్తారు, అందులో సగం అమ్మాయిలకే. యుద్ధంలో చనిపోయినవారి, గాయపడి వికలాంగులైనవారి కుటుంబాలది ముందు వరస. మామూలుగా రిటైరైన జవాన్లు, జేసీవోల (సుబేదార్ లాంటి ర్యాంకుల వారి) పిల్లలది ఆరో కేటగిరీ. అక్కడ మార్కులే తేలుస్తాయి. ఇంటర్‌లో 60 శాతం లేకపోతే దరఖాస్తే నిలవదు. 60 దాటితే చాలు, వచ్చేసినట్టే అనుకోవడమూ పొరపాటే.

ఈ స్కాలర్‌షిప్ బీటెక్, ఎంబీబీఎస్, బీఫార్మసీ, బీఈడీ, బీబీఏ, బీసీఏ, ఎంబీఏ, ఎంసీఏ లాంటి వృత్తివిద్యా కోర్సులకే. దూరవిద్యకు లేదు. మొదటి సంవత్సరంలో చేరినప్పుడే పెట్టాలి. డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరేవాళ్లకు మాత్రం సడలింపు ఉంది. ‘ఈ ఏడాది కుదర్లేదు, వచ్చే ఏడాది పెడదాం’ అనుకుంటే ఆ బిడ్డకు ఆ కోర్సులో అవకాశం పోయినట్టే. తండ్రి ఇంకా సర్వీసులో ఉంటే ఇది వర్తించదు. సీఆర్‌పీఎఫ్, బీఎస్ఎఫ్ వాళ్లకూ సైనిక్ బోర్డులో కాదు, నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో వేరే పథకం ఉంది.

ఇక అసలు తలనొప్పి పేర్లతో. మన వైపు ఇంటిపేరు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. సర్వీసు ముగిశాక ఆర్మీ ఇచ్చే డిశ్చార్జి బుక్‌లో వట్టి ‘లావణ్య’ అని ఉంటుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు పూర్తిగా ముందు వస్తుంది. ఆధార్‌లో ఒక్క పొడి అక్షరం, అదీ చివర. మనకు ముగ్గురూ ఒకటే పిల్ల. కాగితాలు సరిచూసే అధికారికి మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. పుట్టిన తేదీ కూడా అంతే: యూనిట్‌లో క్లర్కుకు చెప్పింది ఒకటి, బళ్లో వేయించింది ఇంకొకటి. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని మిగతావన్నీ దానికి తగ్గట్టు మార్పించుకోండి, ఎందుకంటే మెమోను మార్చడం అన్నింటికన్నా కష్టం. ఆధార్ వారాల్లో అయిపోతుంది. ఆర్మీ రికార్డుకు మాత్రం దరఖాస్తు, అఫిడవిట్, టెన్త్ మెమో, ఆధార్ జెరాక్సులు కలిపి జిల్లా సైనిక్ సంక్షేమ కార్యాలయం ద్వారా మీ రికార్డ్ ఆఫీసుకు పంపాలి. మద్రాస్ రెజిమెంట్ అయితే వెల్లింగ్టన్, ఆర్టిలరీ అయితే నాసిక్, మద్రాస్ శాపర్స్ అయితే బెంగళూరు. వాళ్లు పార్ట్-2 ఆర్డర్ (రికార్డులో మార్పును నమోదు చేసే ఉత్తర్వు) వేస్తేనే మారినట్టు. దీనికి నెలలు పడుతుంది. బిడ్డ ఇంటర్ మొదటి ఏడాదిలో ఉండగానే మొదలుపెట్టండి. ఫలితాలొచ్చాక మొదలుపెడితే గడువు దాటిపోతుంది.

రెండో చిక్కు బోనఫైడ్, అంటే బిడ్డ అక్కడ చదువుతున్నట్టు కాలేజీ ఇచ్చే సర్టిఫికెట్. కాలేజీ ఆఫీసులో అడిగితే బస్ పాస్‌కిచ్చే మామూలు బోనఫైడ్ చేతిలో పెడతారు. అది పనికిరాదు. సైనిక్ బోర్డు వెబ్‌సైట్‌లో ఉన్న నమూనానే ప్రింటు తీసుకెళ్లి, ప్రిన్సిపాల్ సంతకం, సీలు వేయించాలి. కోర్సు పేరు, చేరిన సంవత్సరం, కోర్సుకు ఏ సంస్థ గుర్తింపు ఉందో అన్నీ నింపి ఉండాలి. బ్యాంకు సర్టిఫికెట్‌కు, ఎక్స్‌సర్వీస్‌మన్ సర్టిఫికెట్‌కు కూడా వాళ్ల నమూనాలే ఉన్నాయి. ఖాతా బిడ్డ పేరుమీదే ఉండాలి. చిన్నప్పుడు తెరిచిన మైనర్ ఖాతా అయితే 18 నిండాక బ్యాంకుకెళ్లి మార్పించాలి. అది పాత ఆంధ్రా బ్యాంకు ఖాతా అయితే ఇప్పుడు యూనియన్ బ్యాంకు, సిండికేట్ అయితే కెనరా. పాత పాసుబుక్కులోని ఐఎఫ్ఎస్‌సీ ఎక్కిస్తే డబ్బు వెనక్కి పోతుంది. దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టగానే పని అయిపోదు, ఒరిజినల్స్‌తో సైనిక్ కార్యాలయానికి వెళ్లి సరిచూయించుకోవాలి.

మామూలు బీఎస్సీ, బీకాం, బీఏ చదివే పిల్లలకు ఈ స్కాలర్‌షిప్ రాదు. వాళ్లకు రక్షా మంత్రి మాజీ సైనికుల సంక్షేమ నిధి నుంచి విద్యా గ్రాంటు ఉంది. హవల్దార్, అంతకన్నా కింది ర్యాంకుల వారికి, ఇద్దరు పిల్లల వరకు, ఒకటో తరగతి నుంచి డిగ్రీ దాకా. నెలకు వెయ్యిగా ఉన్నది 2025 నవంబరు నుంచి పెట్టే దరఖాస్తులకు 2,000 అయింది. ఇది పాసైన సంవత్సరానికి, మార్కుల మెమో చూపించాక వచ్చే డబ్బు. ఎస్వీ యూనివర్సిటీ కింద మామూలు డిగ్రీ చదివే పిల్లల తల్లిదండ్రుల్లో ఈ గ్రాంటు సంగతి తెలియనివాళ్లు ఎక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సాయుధ దళాల పిల్లలకు 2 శాతం సీట్లున్నాయి. దరఖాస్తులోనే క్యాప్ (ఈ కోటా పేరు) అని గుర్తుపెట్టి, ప్రత్యేక కేటగిరీల పరిశీలన రోజున డిశ్చార్జి బుక్, గుర్తింపు కార్డు ఒరిజినల్స్ చూపించాలి.

ఏ పథకం డబ్బూ అడ్మిషన్ రోజుకు చేతికి రాదు. మొదటి ఏడాది ఫీజుకు వేరే దారి చూసుకుని, ఇది రెండో ఏడాదికి పనికొస్తుందని లెక్క వేసుకోండి. స్కాలర్‌షిప్ ఏటా రెన్యువల్ కావాలంటే ఆ ఏడాది సబ్జెక్టులన్నీ పాసై 50 శాతం తెచ్చుకోవాలి. ఒక్క బ్యాక్‌లాగ్ ఉన్నా ఆ ఏడాది 36,000 ఆగుతుంది. ఈ మాట బిడ్డకు మొదటి సెమిస్టర్ మొదలవకముందే చెప్పండి. మార్కులు గ్రేడ్లలో ఉంటే శాతంలోకి మార్చిన లెటర్ కూడా కాలేజీ నుంచి తీసుకుని ఉంచుకోండి.

అగ్నివీరుల సంగతి వేరు. నాలుగేళ్ల తర్వాత వచ్చేసేవాళ్లకు మాజీ సైనికుడి హోదా లేదు, కాబట్టి పైవేవీ వాళ్లకు లెక్కలోకి రావు. వాళ్ల చదువుకు ఆధారం సేవానిధి, అంటే సర్వీసు ముగిశాక ఒకేసారి చేతికొచ్చే మొత్తం. జీతంలో 30 శాతం కోతతో 5.02 లక్షలు, ప్రభుత్వం అంతే వేస్తుంది, వడ్డీతో సుమారు 11.71 లక్షలు, ఆదాయపు పన్ను లేదు. దూరవిద్య నడిపే ఇగ్నో యూనివర్సిటీ డిగ్రీలో 120 క్రెడిట్లకు సగం సర్వీసులో పొందిన శిక్షణకే ఇస్తారు. మిగతా 60 క్రెడిట్లే చదవాలి. తొలి బ్యాచ్ 2026 చివర్లో బయటికొస్తుంది. ఇంట్లో అగ్నివీర్ ఉంటే, సెలవులో వచ్చినప్పుడే ఇగ్నోలో పేరు నమోదైందో లేదో అడిగి చూడండి.