రాయచూరు డిగ్రీ, తెలంగాణ రిజిస్ట్రేషన్: నా అనుభవం

మాది మక్తల్ దగ్గర పల్లె. మాకు మహబూబ్‌నగర్ కంటే రాయచూరే దగ్గర. పెండ్లి బట్టలకైనా, పెద్ద డాక్టరు దగ్గరికైనా కృష్ణ దాటి పోవడం మా ఇండ్లలో మామూలే. అందుకే బీఎస్సీ నర్సింగ్‌కు అక్కడ చేరినప్పుడు వేరే రాష్ట్రం పోతున్నానని ఎవరూ అనుకోలేదు. రాజీవ్ గాంధీ ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయం ఇచ్చిన నాలుగేళ్ల డిగ్రీ పట్టుకుని ఇంటికొచ్చాకే కాయిదాల పని మొదలైంది.

నర్సుకు డిగ్రీ ఒక్కటే చాలదు, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరుండాలి. ప్రైవేటు ఆసుపత్రుల్లో కొందరు చూసీచూడనట్టు తీసుకుంటారు గానీ, జీతం మాట్లాడేటప్పుడు తప్పకుండా గుర్తుచేస్తారు. సర్కారు కొలువుకైతే తెలంగాణ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాల్సిందే. 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులు పడ్డప్పుడు మా బ్యాచ్ గ్రూపు నిండా ఇదే టెన్షన్.

ముందు చదివిన రాష్ట్రంలో నమోదు కావాలి. అంటే నాకు బెంగళూరులోని కర్ణాటక కౌన్సిల్ రిజిస్ట్రేషన్. ఆ తర్వాత అక్కడి నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తీసుకుని, డిగ్రీ, మార్కుల మెమోలు జతచేసి హైదరాబాద్‌లోని తెలంగాణ కౌన్సిల్‌కు పెట్టుకోవాలి. మన సర్టిఫికెట్ నిజమైనదేనని మనం చెప్తే కుదరదు, అక్కడివాళ్లే ఇక్కడివాళ్లకు చెప్పాలి.

నన్ను ఎక్కువ తిప్పింది మాత్రం నా పేరే. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంది. మా కాలేజీ ఆఫీసువాళ్లు చేర్చుకునేటప్పుడు దాన్ని ఒక్క అక్షరం చేసి పేరు చివర తగిలించారు. మొదటి ఏడాది మెమో వచ్చినప్పుడే అడిగితే అక్కడి గుమాస్తా కన్నడలో "నడీతైతి బిడమ్మ", అంటే నడుస్తది లేమ్మా అని పంపించేశాడు. చూస్తుండగానే నాలుగేళ్ల మెమోలూ డిగ్రీ పట్టా అదే పేరుతో వచ్చేశాయి. ఆధార్‌లో ఒక పేరు, డిగ్రీలో ఒక పేరు. నారాయణపేటలో నోటరీ అఫిడవిట్ చేయించాను. అది చాలదు, యూనివర్సిటీ రికార్డులోనే మార్పించుకోమన్నారు. మళ్లీ కాలేజీ ఉత్తరం, ఫీజు, ఎదురుచూపు. "పరీక్షలన్నీ పాసైతివి, ఇంకా ఈ కాయిదాల పరీక్షేంది బిడ్డా?" అని నాయిన రోజూ అడిగేవాడు.

ఈ మధ్యలో ఒక సీనియర్ అక్క ఇంకో భయం పెట్టింది, మన కాలేజీకి ఐఎన్‌సీ, అంటే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందా అని. కాలేజీలకు గుర్తింపునిచ్చే అధికారం ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్‌కు లేదని 2017లో కర్ణాటక హైకోర్టు తీర్పు చెప్పింది. అప్పటినుంచి అక్కడ చదివిన వాళ్లందరికీ ఈ గుబులే. 1947 నర్సింగ్ కౌన్సిల్ చట్టం తిరగేస్తే అందులో ఉన్నది అర్హతల గుర్తింపు, అంటే ఏ సంస్థ ఇచ్చిన ఏ పట్టా చెల్లుతుందన్నది. సీట్లు అమ్మే ఏజెంట్లు ఈ రెండింటినీ కలగలిపి తమకు ఎట్ల కావాలంటే అట్ల చెప్తారు. నా వరకు యూనివర్సిటీ డిగ్రీ, కర్ణాటక రిజిస్ట్రేషన్ సరిగ్గా ఉండటంతో ఇక్కడ ఆ ప్రశ్న పెద్దగా రాలేదు.

బయట చదివితే సర్కారు కొలువుల్లో నాన్‌లోకల్ (స్థానికేతరులం) అవుతామేమోనని కూడా చాలామంది జంకుతారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం చూసేది ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివామన్నదే. నా బోనఫైడ్లన్నీ మక్తల్ బడివే కాబట్టి దిగుల్లేదు.

పేరు మారిన డిగ్రీ చేతికొచ్చాక మిగతా పని చకచకా అయిపోయింది. ఇప్పుడు తెలంగాణ నంబరు నా దగ్గరుంది.

ఈ ఏడు మా చిన్నమ్మ బిడ్డ రాయచూరులోనే జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమాలో చేరుతోంది. ఆ సంవత్సరానికి కాలేజీకి కర్ణాటక కౌన్సిల్ అనుమతి ఉందో లేదో చూడమన్నాను. అప్లికేషన్‌లో పేరు పదో తరగతి మెమోలో ఉన్నట్టే, అక్షరం పొల్లు పోకుండా రాయమన్నాను. అన్నీ విని చిన్నమ్మ అడిగింది, హాస్టల్‌లో తిండి ఎట్లుంటదని. జొన్నరొట్టెకు కొదవలేదని చెప్పాను.