కూరలో ఉప్పు తగ్గించాక: మా ఇంటి 12 వారాల కూరగాయల లెక్క

మొదటి వారం: తూకం మాత్రమే

కార్తీకమాసంలో మా ఇంట్లో నీచు వండం. నెలంతా కూరగాయలే కాబట్టి మేం బాగానే తింటున్నామని ఎప్పుడూ అనుకునేదాన్ని. ఈసారి రెండో సోమవారం నుంచి తూకం వేసి రాసుకోవడం మొదలుపెట్టాను. పాప పాత నోటుబుక్కులో మిగిలిన పేజీలు, ఒక చిన్న ఎలక్ట్రానిక్ కాటా, అంతే సరంజామా.

మాది నలుగురి ఇల్లు: నేను, మా ఆయన, అత్తమ్మ, పదకొండేళ్ల పాప. మా పుట్టిల్లు భీమవరం వైపు, వాళ్లది కరీంనగర్ దగ్గర పల్లె. ఉండేది హైదరాబాద్‌లో, కూకట్‌పల్లిలో. ఒకే కాయకు మా ఇంట్లో రెండేసి పేర్లు. నేను ఆనపకాయ అంటే అత్తమ్మ సొరకాయ అంటుంది, గోరుచిక్కుడు ఆమెకు గోకరకాయ, గోంగూర పుంటికూర. నోటుబుక్కులో రెండూ రాస్తున్నాను.

లెక్క ఇలా పెట్టుకున్నాను. చెక్కు తీసి, తొడిమలు కోసి, పొయ్యి మీదికి వెళ్లబోయే ముక్కల బరువే రాయాలి. ఆలుగడ్డ, చామదుంప, కంద లెక్కలోకి రావు, అవి అన్నం వైపువి. తాలింపులో వేసే ఉల్లిపాయ కూడా రాదు. టమాటా కూరగానో పచ్చడిగానో చేస్తేనే వస్తుంది. మొత్తాన్ని నాలుగుతో భాగించాలి.

వారం చివర కూడితే 3,920 గ్రాములు వచ్చింది. అంటే మనిషికి రోజుకు 140. మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాల్లో, 2,000 కేలరీల పళ్లెంలో కూరగాయలు, ఆకుకూరలు కలిపి రోజుకు 400 గ్రాములు ఉండాలని రాశారు. పండ్లు ఇంకో 100 గ్రాములు వేరే. అరకిలో బెండకాయలు వేయించి నలుగురం తిని, ఈ పూటకు కూర అయిపోయింది అనుకునే ఇంటికి ఆ అంకె చాలా దూరం. నలుగురికీ 400 కావాలంటే రోజుకు కిలోన్నర పైన తరగాలి. అంత ఒక్కసారి పెట్టుకోకుండా సంక్రాంతి దాటేలోపు 300 అని రాసుకున్నాను.

రెండు, మూడు వారాలు: తరగడానికే టైం లేదు

ఏ రోజు కూర తగ్గిందో చూస్తే అన్నీ ఆఫీసు ఆలస్యమైన రోజులే. ఫ్రిజ్‌లో చిక్కుడుకాయలు ఉంటాయి, ఈనెలు తీసే ఓపిక ఉండదు, ఆ పూటకు పెరుగో ఆవకాయో. కాబట్టి కొత్త వంటలు వెతకడం పక్కనపెట్టి ముందు తరగడం సంగతి చూశాను.

ఆదివారం సాయంత్రం నలుగురం హాల్లో కింద కూర్చుంటున్నాం. అత్తమ్మ సీరియల్ చూస్తూ ఆకుకూర ఒలుస్తుంది, మా ఆయన చిక్కుడుకాయలకు, గోరుచిక్కుళ్లకు ఈనెలు తీస్తారు, నేను కత్తిపీట దగ్గర. పాప పచ్చి బఠాణీ ఒలుస్తుంది, సగం తినేస్తుంది, అదీ లెక్కలో వేసుకుంటున్నాను. యాభై నిమిషాల్లో నాలుగు రోజులకు సరిపడా పని అవుతోంది. బుధవారం రాత్రి ఇంకోసారి, ఇరవై నిమిషాలు.

అన్నీ తరిగి పెట్టకూడదని రెండో వారమే తెలిసింది. చిక్కుడు, గోరుచిక్కుడు, క్యాబేజీ మూతపెట్టిన డబ్బాలో మూడు రోజులు ఆగాయి. బెండకాయ జిగురొచ్చింది, వంకాయ, అరటికాయ నల్లబడ్డాయి. ఆ మూడూ అప్పటికప్పుడే. ఆకుకూర ఒలిచి కడక్కుండా పొడి కాటన్ గుడ్డలో చుట్టి పెడితే తోటకూర మూడు రోజులు, మెంతికూర నాలుగు రోజులు బాగుంది. మొదట న్యూస్‌పేపర్‌లో చుట్టేదాన్ని, ఇంకు అంటుతుందని మానేశాను. వండే ముందు ఆకును ఆకుగానే మూడు నీళ్లలో కడిగి, ఆ తర్వాతే తరగాలి. తరిగాక కడిగితే నీళ్లలో కరిగే విటమిన్లు కొన్ని ఆ నీళ్లతోనే పోతాయి. క్యారెట్, ముల్లంగి, బీట్‌రూట్‌లకు ఆకులు కోసేసి పెడితే దుంప వాడిపోలేదు.

మూడో వారం సగటు 195. తరగడం ముందే అయిపోతే చాలు, ఇంకేమీ మార్చకుండానే 55 గ్రాములు పెరిగింది.

నాలుగో వారం: ఉప్పు

ఈ వారం గురించి కాస్త ఎక్కువ రాయాలి.

మంగళవారం తోటకూర నాలుగు కట్టలు ఒకేసారి వండాను. మూకుడులో ఆకు గుట్టలా ఉంది, ఆ గుట్టను చూసి ఉప్పు వేశాను. పది నిమిషాల్లో గుట్ట కాస్తా నాలుగు గరిటెల కూరైంది, ఉప్పు మాత్రం అంతే ఉంది. ఎవరూ రెండోసారి వేసుకోలేదు. మిగిలినదాన్ని మర్నాడు చప్పటి పప్పులో కలిపి గట్టెక్కించాను. ఆకుకూర పూర్తిగా మగ్గాక, దగ్గరపడ్డాక ఉప్పు వేయాలని మా అమ్మ ఎన్నిసార్లు చెప్పిందో.

ఆ రాత్రి భోజనం దగ్గర గమనించాను. ఉప్పెక్కువైన ఆ కూర కొంచెం కలుపుకుంటేనే పళ్లేనికి సరిపడా అన్నం కలిసిపోతోంది. మామూలు రోజుల్లో మేం చేసేదీ అదే కదా, కొంచెం తక్కువ మోతాదులో! అరకిలో కూరకు నిండుగా ఒక చెంచా ఉప్పు, రెండు చెంచాల కారం వేస్తాను. ఆ ఉప్పూ కారం పక్కనున్న అన్నానికి సరిపడా వేసినవి, కాయకు సరిపడా కాదు. అలాంటి కూర ఒట్టిగా ఒక కప్పు తినమంటే ఎవరం తినలేం. నేను ఎంత ఎక్కువ వండినా గిన్నెలో మిగిలిపోవడానికి కారణం ఇదే.

గురువారం కిలో దొండకాయలు చేశాను. ఉప్పు తలగొట్టిన టీస్పూను ఒకటి, అంటే సుమారు 6 గ్రాములు. కారం అర చెంచా. అత్తమ్మ ఒక ముద్ద తిని, "గిదేం కూర బిడ్డా, ఉప్పు లేదు, కారం లేదు" అంది. ఆమె అన్నది నిజమే. ఉప్పు తీసేసిన చోట ఇంకేమీ పెట్టలేదు నేను. శనివారం మళ్లీ అంతే ఉప్పుతో గోరుచిక్కుడు చేసి, దించేముందు మూడు చెంచాల నువ్వుల పొడి చల్లాను, పొయ్యి ఆపాక అరచెక్క నిమ్మకాయ పిండాను. ఆ రోజు కిలో కూర రెండు పూటల్లో అయిపోయింది. అన్నం మూడు గ్లాసులు పెట్టేదాన్ని, రాత్రికి చాలా మిగిలింది.

పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 5 గ్రాముల ఉప్పు దాటొద్దంటారు. పచ్చళ్లు, అప్పడాలు ఉన్న ఇంట్లో అది కష్టమే. అయినా కూరలో ఉప్పు సగమైతే పళ్లెంలో కూర రెట్టింపు పట్టడానికి చోటు దొరుకుతుంది. నాకు ఈ పన్నెండు వారాల్లో బాగా పనికొచ్చిన సంగతి ఇదొక్కటే.

అయిదు నుంచి తొమ్మిది వారాలు: ఏవి నిలబడ్డాయి

నువ్వుల పొడి ఇప్పుడు ఎప్పుడూ సీసాలో ఉంటుంది. 100 గ్రాముల నువ్వులు సన్నమంట మీద చిటపటలాడే దాకా వేయించి, నాలుగు ఎండుమిరపకాయలు, కాస్త జీలకర్రతో పొడి కొడతాను. ఉప్పు వేయను. బీర, దొండ, చిక్కుడు, గోరుచిక్కుడు, దేనికైనా సరిపోతుంది. వేయించిన పల్లీల పొడి వంకాయకు బాగుంటుంది.

ఆవ పెట్టడం మా అమ్మ ఫోన్‌లో గుర్తుచేసింది. క్యాబేజీ, అరటికాయ రెంటికీ చేశాను. ఒక చెంచా ఆవాలు నానబెట్టి, పచ్చిమిర్చి, చిన్న కొబ్బరిముక్కతో నూరి, పొయ్యి ఆపి రెండు నిమిషాలు చల్లారాక కలపాలి. మంట మీద కలిపితే చేదెక్కుతుంది. ఆవ ఘాటు ఉన్నచోట ఉప్పు తక్కువైందని మా ఇంట్లో ఎవరికీ తెలియలేదు.

పాలు పోసిన ఆనపకాయ కూర కరీంనగర్ వాళ్లకు కొత్త. లేత కాయ ముక్కలు మూతపెట్టి దాని నీళ్లలోనే మగ్గనిచ్చి, ఆవాలు, జీలకర్ర, పచ్చిమిర్చి తాలింపు వేసి, చివర చిన్న గ్లాసు కాచిన పాలు పోసి, సన్నమంట మీద దగ్గరపడనివ్వాలి. ఉప్పు ఆఖరున వేస్తే పాలు విరగలేదు. కిలోంపావు కాయ చెక్కు, గింజలు పోగా 950 గ్రాములు వచ్చింది, ఒక పూటలో ఖాళీ. అత్తమ్మ మర్నాడు పొద్దున "సొరకాయ ఉన్నదా ఇంకా" అని అడిగింది. తీసిన చెక్కు నువ్వులు, చింతపండుతో పచ్చడి చేశాను, బీరపొట్టు పచ్చడిలాగే.

ఆకుకూర పప్పులో కొలతలు తిప్పేశాను. ఇదివరకు గ్లాసు కందిపప్పుకు ఒక కట్ట పాలకూర. ఇప్పుడు అర గ్లాసు పప్పుకు మూడు కట్టలు. పప్పు తగ్గిన రోజు మాంసకృత్తులు తగ్గకుండా పెరుగో, శనగలో, గుడ్డో ఉండేలా చూసుకుంటున్నాను. తోటకూర దించాక నిమ్మరసం తప్పనిసరి. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టడానికి సి విటమిన్ తోడు కావాలి, అది ఎక్కువ వేడికి పోతుంది కాబట్టి పొయ్యి ఆపాకే పిండుతాను.

వేపుళ్లు మానలేదు, పద్ధతి మార్చాను. దొండకాయ చక్రాలను ముందు నాలుగు చెంచాల నీళ్లతో మూతపెట్టి ఎనిమిది నిమిషాలు మగ్గించి, ఆ నీళ్లు ఇగిరాక రెండు చెంచాల నూనె వేసి ఎర్రగా చేస్తున్నాను. నూనె అసలే లేకుండా ఒకసారి చేశాను, మళ్లీ చేయను. రుచి మాట అటుంచితే, క్యారెట్, గుమ్మడి, ఆకుకూరల్లోని కెరోటిన్ ఒంటికి పట్టాలన్నా కొంత కొవ్వు ఉండాలి.

రాత్రిపూట మాత్రం పెరుగుపచ్చడే ఆదుకుంది. తురిమిన క్యారెట్, కీరదోస, ఉడికించిన బీట్‌రూట్, పొట్లకాయ, ఏదో ఒకటి 300 గ్రాములు, అరలీటరు పెరుగు, తాలింపు. పది నిమిషాల పని. బీట్‌రూట్‌ది గులాబీరంగులో ఉంటుందని పాప దానికే ఓటేస్తుంది. పొద్దున ఉప్మాలో గ్లాసు రవ్వకు రెండు గ్లాసుల ముక్కలు వేస్తున్నాను, నీళ్లు రెండుంపావు గ్లాసులు చాలు, ముక్కల్లోంచి కొంత దిగుతుంది. పెసరట్టు పిండిలో గుప్పెడు తోటకూర సన్నగా తరిగి వేస్తే అట్టు చిరగలేదు, రెండు గుప్పిళ్లు వేస్తే చిరిగింది.

కుదరనివి: పొద్దున్నే పచ్చి కూరగాయల రసం నాలుగు రోజులకే అందరికీ విసుగొచ్చింది. కాకరకాయ ఎక్కువ మోతాదులో ఎవరూ తినలేదు, అది అరకిలో దగ్గరే ఉంది. ముల్లంగి వాసన పడక పాప సాంబారులోనే తింటోంది.

అయిదో వారం 230, ఏడో వారం 265, తొమ్మిదో వారం 290.

ఖర్చు కూడా రాశాను. మొదటి వారం కూరగాయలకు దాదాపు 250 రూపాయలు, తొమ్మిదో వారం 460. చలికాలం కాబట్టి చిక్కుడు, క్యాబేజీ, మెంతికూర, టమాటా అన్నీ చవక. శనివారం రాత్రి రైతుబజారు మూసే వేళకు వెళ్తే ఇంకొంచెం తగ్గుతుంది గానీ ఆకుకూర వాడి ఉంటుంది, అందుకని ఆకుకూరకు పొద్దున్నే వెళ్తున్నాను. బియ్యం వాడకం మూడు గ్లాసుల నుంచి రెండుంపావుకు వచ్చింది.

పది, పదకొండు వారాలు: భీమవరం

పండక్కి అమ్మ వాళ్లింటికి వెళ్లాం. కాటా తీసుకెళ్లలేదు, తూకం లేదు. భోగి నాటి నుంచి అరిసెలు, గారెలు, కనుమ నాడు మాంసం. ఆ నాలుగు రోజులకూ అంకె వేయకుండా ఖాళీగానే ఉంచాను.

ఒక్క దప్పళం గురించి రాయాలి. పండు గుమ్మడి, ఆనపకాయ, వంకాయ, బెండకాయ, చిక్కుడు, మునక్కాడ, చిలగడదుంప, అన్నీ పెద్ద ముక్కలు, చింతపండు పులుసు, బెల్లం, చివర చెంచాడు బియ్యప్పిండి. అమ్మ వండిన గిన్నెలో పులుసు కంటే ముక్కలే ఎక్కువ, గిన్నెలో ముక్క మీద ముక్క. ముద్దపప్పు అన్నంలో ముక్కలు వేసుకుని అందరం ఎంత తిన్నామో. కూర కలుపుకోవడానికి కాక కూర తినడానికే వండిన వంట అంటే నాకు ఇదే. గట్టిగా ఉండే దుంప, మునక్కాడ, గుమ్మడి ముందు, వంకాయ, బెండకాయ తర్వాత వేయాలి. చింతపండు ముక్కలు ముప్పావు ఉడికాకే పోయాలి, పులుపు ముందే పడితే ముక్క గట్టిపడి ఉడకదు.

పన్నెండో వారం

తిరిగొచ్చాక ఆదివారం తరగడం మళ్లీ మొదలైంది. ఈ వారం రెండుసార్లు దప్పళం, ఒకసారి పాలు పోసిన ఆనపకాయ, మూడు పూటలు ఆకుకూర. సగటు 315.

మా ఆయన మధ్యాహ్నం డబ్బా ఇంకా దారికి రాలేదు. ఆఫీసులో నలుగురూ కూరలు పంచుకుంటారు, ఉప్పు తక్కువని అక్కడ ఎవరో అన్నారట. ఆయన డబ్బాలో ఇప్పుడు రెండు గిన్నెలు పెడుతున్నాను: ఒకటి అందరికీ పంచే మామూలు వేపుడు, ఇంకోటి ఆయన ఒక్కరికే మగ్గిన కూర. గిన్నె ఖాళీగానే వస్తోంది, ఎవరు తింటున్నారో ఇంకా అడగలేదు.

ఎండలు ముదిరితే ఆకుకూర ధర పెరుగుతుంది, కట్ట చిన్నదవుతుంది. అప్పటికి బాల్కనీలో రెండు తొట్లలో తోటకూర చల్లాలని ఉంది, విత్తనాలు తెచ్చాను. రేపటికి చిక్కుడుకాయలు 800 గ్రాములు ఈనెలు తీసి డబ్బాలో ఉన్నాయి, నువ్వుల పొడి అడుగంటింది, పొద్దున్నే వేయించాలి.