లేదండీ అన్నాను, కానీ వాడుతున్నాను

నాలుగేళ్ల కిందట గుండెలో మైట్రల్ వాల్వు మార్చారు. లోహపు వాల్వు కాబట్టి రక్తం గడ్డకట్టకుండా రోజూ వార్ఫరిన్ మాత్ర వేసుకోవాలి, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష నెలకోసారి చేయించుకోవాలి. నాకు 2.5కీ 3.5కీ మధ్య ఉండాలి. మొన్న వేసవిలో విశాఖ జగదాంబ దగ్గర ల్యాబులో చూపిస్తే 4.6 వచ్చింది. పళ్లు తోముకుంటుంటే చిగుళ్ల నుంచి రక్తం, ఒకటే టెన్షన్.

"కొత్తగా ఏమైనా వాడుతున్నారా?" అని డాక్టరు గారు అడిగారు. లేదండీ అన్నాను. అబద్ధమాడాలని కాదు, నా లెక్కలో విటమిన్ మందే కాదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయంటే బీచ్ రోడ్డు వాకింగ్ స్నేహితుడు చెప్పిన విటమిన్ ఇ 400 గొట్టాలు (క్యాప్సూళ్లు), రోజుకు రెండు చొప్పున రెండు నెలలుగా మింగుతున్నాను. ఎక్కువైతే బి-కాంప్లెక్స్ లాగా మూత్రంలో పచ్చగా పోతుందిలే అనుకున్నా.

ఆంధ్రా యూనివర్సిటీలో బయోకెమిస్ట్రీ చదివిన మా అమ్మాయి ఆ గొట్టాల షీటు చూసి తల పట్టుకుంది. "ఇది నీళ్లలో కరిగేది కాదు నాన్నా!"

విటమిన్ ఇ అంటే ఆల్ఫా, గామా వగైరా ఎనిమిది రకాలట. పిత్తరసం, కొవ్వు తోడుంటేనే పేగు దాటతాయి. కాలేయంలో ఒక ప్రోటీన్ ఆల్ఫా రకాన్ని ఏరి మళ్లీ రక్తంలోకి పంపుతుంది. గామా వగైరాలకు ఆ మర్యాద లేదు. ఎంజైములు వాటి పొడుగు తోకను కొస నుంచి కొంచెం కొంచెంగా కత్తిరిస్తాయి. మిగిలిన మొండెం, సీఈహెచ్‌సీ, మూత్రంలో పోతుంది. తోక తెగనిది కొంత పిత్తంతో మలంలోకి. రక్తంలో గామా సగం తగ్గడానికి అర రోజు పైచిలుకు చాలు, ఆల్ఫాకు రెండు రోజులు దాటుతుంది. కొవ్వులో చేరింది ఇంకా నిదానం. అంత మోతాదులో విటమిన్ ఇ, రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన విటమిన్ కె పనికి అడ్డుపడుతుంది, వార్ఫరిన్ చేసేదీ అదే.

"మరి మీ అమ్మ చేసే నువ్వుల చిమ్మిలి?" అన్నాను భయంగా. నువ్వుల్లోని సెసమిన్ ఆ కత్తిరింపును నెమ్మదింపజేస్తుంది గానీ, ఉండ తింటే ఏమీ కాదంది.

మర్నాడే వెళ్లి డాక్టరు గారికి ఒప్పుకున్నాను. గొట్టాలు ఆపించారు, ఒక రోజు వార్ఫరిన్ కూడా మానమన్నారు. వారానికి 3.7, మూడో వారానికి 2.9. పిక్కలు ఇప్పటికీ పడుతున్నాయి. మిగిలిన గొట్టాలను మా ఆవిడ పిన్నుతో పొడిచి మడమల పగుళ్లకు రాసుకుంటోంది.