ఎరుపంతా ఒకటి కాదు

ఇవాళంతా ఒక్క గీత గురించే ఆలోచించాను. వరి కాండం అడ్డుకోతలో, కాండాన్ని నిలబెట్టే దృఢ కణజాలం ఎక్కడ ఆగుతుంది, నీటినీ ఆహారాన్నీ మోసే గొట్టాల కట్ట, అంటే నాళికాపుంజం, ఎక్కడ మొదలవుతుంది?

స్లైడ్లు నిన్ననే తయారు చేసి పెట్టుకున్నాను. నేలకి దగ్గరగా ఉండే కణుపుల మధ్య భాగాన్ని బ్లేడుతో పల్చగా కోసి, శాఫ్రనిన్, ఫాస్ట్ గ్రీన్ రంగులు పట్టించాను. లిగ్నిన్ అనే పదార్థం చేరి గట్టిపడిన కణాల గోడలు ఎర్రగా, సెల్యులోజ్ గోడలు పచ్చగా కనిపిస్తాయి. ముందు స్టేజ్ మైక్రోమీటర్ (మైక్రోస్కోప్ కింద పెట్టే చిన్న స్కేలు) ఫొటో తీశాను. అందులో ఒక్కో గడి 10 మైక్రాన్లు. ఆ కొలతని, బొమ్మల్ని విశ్లేషించే ఫిజీ సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వకపోతే చివరికి చేతికొచ్చేవి వట్టి పిక్సెళ్లే.

రంగుల్ని విడదీసి, మొదట ఓట్సు పద్ధతిలో థ్రెషోల్డ్, అంటే ఎంత ముదురు నుంచి ఎరుపుగా లెక్కించాలో చెప్పే హద్దు, పెట్టి చూశాను. నొబుయుకి ఓట్సు 1979లో ప్రచురించిన పద్ధతి ఇది, ఆ హద్దు ఎక్కడో, ఏ ఛాయ పిక్సెళ్లు ఎన్నున్నాయో చూపే హిస్టోగ్రామ్ నుంచే లెక్కకడుతుంది. ఎర్రగా ఉన్నదంతా క్షణంలో వచ్చేసింది. అయితే ఎరుపంతా ఒకటి కాదు. బాహ్యచర్మం కింద వలయంలా ఉండే దృఢ కణజాలం ఎరుపే, పుంజంలో నీటిని మోసే దారువూ ఎరుపే, పుంజం చుట్టూ ఉండే తొడుగూ ఎరుపే. పైగా వరిలో బయటి వరస చిన్న పుంజాలు ఆ వలయాన్నే అంటుకుని ఉంటాయి. రంగొక్కటే చూస్తే వీటిని విడదీయలేం.

అందుకే ఫిజీలోనే ఉండే, నేర్పిస్తే నేర్చుకునే ట్రైనబుల్ వేకా సెగ్మెంటేషన్ అనే ప్లగిన్ తెరిచాను. ఇది దృఢం, ఇది మృదు కణజాలం, ఇది పుంజం, ఇది ఖాళీ అని అక్కడక్కడా గీతలు గీసి చూపిస్తే, అంచులూ చుట్టుపక్కల అల్లికా కూడా చూసుకుని మిగతా బొమ్మంతా అదే పంచుతుంది. పెద్ద పుంజాలు ఎంత చక్కగా వచ్చాయో! దారువులోని పెద్ద నాళాల లోపలి తెలుపుని మాత్రం ఖాళీ అనుకుంటోంది, ఆ రంధ్రాలు తర్వాత పూడ్చాలి.

ఇక తొడుగు సంగతి. దాన్ని ఎందులో కలపాలో ప్లగిన్ చెప్పదు, మనమే చెప్పాలి. నీరు ఎలా పైకి వెళ్తుందో చూసేవాళ్లు పుంజంలో కలుపుకోవచ్చు. నేను చూసేది వరి ఎందుకు పడిపోతుందని. మధ్యాహ్నం నాన్న ఫోన్ చేసి, "మన చేను నిలబడింది అమ్మా, పక్క చేను మొత్తం వాలిపోయింది" అన్నారు. కోతకొచ్చిన కంకి నీళ్లలో పడితే గింజ అక్కడే మొలకెత్తుతుంది, ఒక ఏడాది కష్టం పోతుంది. కాండాన్ని నిలబెట్టే ప్రతి ఎర్ర గోడా నాకు లెక్కలోకి రావాలి. తొడుగుని దృఢంలోనే కలిపాను. ఆ నియమాన్ని నోటుబుక్‌లో రాసుకున్నాను, ఏ రకం వరికైనా అదే. ఒక్కో స్లైడుకి ఒక్కోలా గీస్తే రకాల మధ్య తేడా మొక్కదో నాదో తెలియదు.

రేపు కొన్ని బొమ్మలు చేత్తో గీసి, ప్లగిన్ గీసినవాటితో ఎంత కలుస్తున్నాయో, ఒకదానిమీద ఒకటి ఎంత పడుతున్నాయో చెప్పే డైస్ కొలతలో చూడాలి. బయటి వరస చిన్న పుంజాల దగ్గరే తక్కువ రావచ్చనిపిస్తోంది. వస్తే అక్కడే ఇంకాసిన్ని గీతలు గీసి మళ్లీ నేర్పిస్తాను.