ఇంజిన్ దించాలా వద్దా: పాత ఆరు సిలిండర్ల కారు పికప్ కొలిచాను

నా దగ్గర 2008 నాటి బీఎండబ్ల్యూ 325ఐ ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్నదే. రెండున్నర లీటర్ల పెట్రోల్ ఇంజిన్, టర్బో లేదు, ఆరు సిలిండర్లూ ఒకే వరసలో ఉంటాయి. కొత్తలో దాని లెక్క 218 హార్స్‌పవర్, 2,750 ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర 250 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే తిప్పే బలం. కొన్నాళ్ళుగా హైవే మీద లారీని దాటాలంటే బండి మునుపటిలా లేవడం లేదని అనుమానం. విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఒక రౌండు తిప్పి వచ్చి, "పదిహేడేళ్ళ బండి సార్, పిస్టన్ రింగులు పోయుంటాయి. ఇంజిన్ దించాల్సిందే" అన్నాడు. అతను చెప్పిన ఖర్చుతో గుంటూరులో మంచి సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ ఒకటి వస్తుంది.

అతను అబద్ధం చెప్పాడని కాదు. కానీ ఇంజిన్ దించే నిర్ణయం ఒక రౌండు తిప్పితే తేలేది కాదు. కొలిచి చూద్దామనుకున్నాను.

పికప్ అనగానే అందరూ అడిగేది సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అని. నా పనికి ఆ అంకె పనికిరాదు. నిలబడి ఉన్న కారు కదిలేటప్పుడు టైర్ల పట్టు, రోడ్డు మీద దుమ్ము, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఎప్పుడు గేరు మార్చింది, కాలు ఎంత చురుగ్గా పడింది, అన్నీ అందులో కలుస్తాయి. పైగా అమెరికా పత్రికల్లో మొదటి అడుగు దూరాన్ని లెక్కలోంచి తీసేసే అలవాటుంది. దాంతోనే దాదాపు 0.3 సెకను తగ్గిపోతుంది. ఎవరో ఎక్కడో రాసిన అంకెతో మన బండిని పోల్చి బాధపడడం దండగ. నాకు కావలసింది ఇంజిన్ ఒక్కదాని సంగతి. అందుకని మాన్యువల్ మోడ్‌లో మూడో గేరులోనే ఉంచి, గంటకు 60 నుంచి 100 వరకు ఎంతసేపు పడుతుందో చూడాలనుకున్నాను. ఆ గేరులో 60 దగ్గర ఇంజిన్ మూడు వేల కంటే కాస్త తక్కువ, 100 దగ్గర ఐదు వేలకు కాస్త తక్కువ తిరుగుతుంది. టైరు జారదు, గేరు మారదు.

స్పీడోమీటరు చూసుకుంటూ స్టాప్‌వాచ్ నొక్కితే లాభం లేదు. స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదన్నది నియమం, కొంత ఎక్కువ చూపినా ఫర్వాలేదు. అందుకే కంపెనీలు దాన్ని ముందుగానే ఎక్కువ చూపేలా పెడతాయి. నా కారులో ముల్లు వంద మీద ఉంటే జీపీఎస్ 95 అంటుంది. ముల్లును నమ్మితే నేను కొలిచేది 57 నుంచి 95 వరకు అవుతుంది, అర సెకను ఊరికే కలిసొస్తుంది. ఫోన్ కూడా అంతే. చాలా ఫోన్ల జీపీఎస్ సెకనుకు ఒక్కసారే వేగం ఇస్తుంది. ఆ ఒక్క సెకనులో నా కారు ఏడు కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. బైకులు తోలే తమ్ముడొకడి దగ్గర సెకనుకు పదిసార్లు చదివే జీపీఎస్ డబ్బా ఉంటే అడిగి తెచ్చి, ఆకాశం కనిపించేలా డాష్‌బోర్డు మీద అంటించాను.

ఇక చోటు. పబ్లిక్ రోడ్డు మీద ఈ పని చేయకూడదు. ప్రభుత్వ అనుమతి లేకుండా రేసులు, స్పీడు ట్రయల్స్ పెడితే మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ కింద శిక్ష ఉంది. 2019 సవరణ తర్వాత మొదటిసారికే మూడు నెలల జైలు దాకా, లేదా ఐదు వేల జరిమానా దాకా, లేదా రెండూ పడతాయి. చట్టం మాట పక్కన పెట్టినా, మన రోడ్ల మీద తెల్లవారుజామున కూడా పాల బండి ఏ సందులోంచి వస్తుందో ఎవరికీ తెలియదు. గుంటూరు శివార్లలో తెలిసినవాళ్ళ వెంచర్ ఒకటుంది. ప్లాట్లు అమ్ముడయ్యాయి గానీ ఇళ్ళింకా లేవలేదు. లోపల అర కిలోమీటరుకు పైగా తిన్నటి తారు రోడ్డు ఉంది, చుట్టూ ప్రహరీ, ఒకటే గేటు. ఓనరుని అడిగి ఒప్పించాం. వాచ్‌మన్ గేటు మూసి, లోపల తిరిగే కుక్కల్ని తన గది దగ్గర కట్టేశాడు.

సంక్రాంతి దాటిన చలి రోజుల్లో, మంచు విడిచి రోడ్డు ఆరిన తర్వాత మొదలుపెట్టాం. టైర్లలో గాలి సరిచూసి, ఏసీ ఆపి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కే దాకా తిప్పాను. పక్కన మా బావమరిది పుస్తకం పట్టుకుని కూర్చున్నాడు. గేటు వైపు నుంచి వెళ్తే 6.2 సెకన్లు. తిరిగి వస్తే 6.8. మళ్ళీ మళ్ళీ చేసినా అదే వరస. "బావా, నీ కారుకి ఇంటికెళ్ళడం ఇష్టం లేనట్టుంది" అన్నాడు వాడు.

రోడ్డు చూస్తే బల్లపరుపుగా ఉంది, గాలి కూడా లేదు. లెక్క కడితే వంద మీటర్లకు సుమారు 80 సెంటీమీటర్ల వాలు ఉంటే ఈ తేడా వస్తుంది. వాన నీళ్ళు పోవడానికి అటువైపు వాలు ఇచ్చామని తర్వాత ఓనరే చెప్పాడు. ఒకవైపే కొలిచి 6.2 అని సంబరపడేవాళ్ళు, 6.8 అని దిగులుపడేవాళ్ళు నాకు చాలామంది తెలుసు. రెండు దిక్కుల సగటు 6.5.

అది మంచి అంకా, చెడ్డ అంకా? అందుకు బరువు కావాలి. మిర్చి యార్డు దారిలో వేబ్రిడ్జిలకు కొదవ లేదు. మిర్చి టిక్కీల (బస్తాల) లారీల మధ్య కారును కాటా ఎక్కిస్తే అక్కడి కుర్రాడు వింతగా చూశాడు. మేమిద్దరం, సగం ట్యాంకు పెట్రోలుతో 1,610 కిలోలు. ఆ బరువును 60 నుంచి 100కి తేవడానికి సుమారు 397 కిలోజౌళ్ళు కావాలి. 6.5 సెకన్లతో భాగిస్తే 61 కిలోవాట్లు. గాలి అడ్డు, టైర్ల ఒరిపిడి, గేర్‌బాక్స్‌లో పోయేది కలుపుకున్నా, ఈ ఇంజిన్ ఆ ఆర్‌పీఎంలో ఇవ్వాల్సిన దానికి బాగా తక్కువే. అంటే నా అనుమానం నిజమే. మెకానిక్ చెప్పినదాంట్లో సగం కూడా నిజమే.

రెండో సగం, అంటే రింగుల సంగతి మాత్రం పుస్తకంలో ఇంకో గడి దగ్గర తేలింది. డబ్బా రికార్డును రెండు ముక్కలు చేసి చూశాను. 60 నుంచి 80కి 2.9 సెకన్లు, 80 నుంచి 100కి 3.6. టార్క్ ఇంచుమించు ఒకేలా ఉండే ఇంజిన్‌లో ఈ రెండూ దగ్గరదగ్గరగా ఉండాలి, గాలి అడ్డు వల్ల రెండోది కొంచెం పెరుగుతుంది అంతే. ఇక్కడ బండి తక్కువ ఆర్‌పీఎంలో బాగానే లాగుతోంది, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ కూర్చుంటోంది. రింగులు పిస్టన్ పక్కనుంచి గాలి లీకవకుండా ఆపేవి; అవి అరిగి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే ఒత్తిడి) పోతే ముందు తెలిసేది తక్కువ ఆర్‌పీఎంలో. నెమ్మదిగా తిరిగేటప్పుడే కదా లీకవడానికి ఎక్కువ సమయం దొరికేది. ఎక్కువ ఆర్‌పీఎంలో మాత్రమే బలం తగ్గిందంటే గాలో, పెట్రోలో, స్పార్కో చాలడం లేదని అర్థం.

ఈ కాగితం తీసుకుని అదే మెకానిక్ దగ్గరికి వెళ్ళాను. చిరాకు పడతాడనుకున్నాను గానీ, ఆసక్తిగా చూసి తనే కంప్రెషన్ గేజ్ తెచ్చాడు. ఆరు సిలిండర్లూ ఒకదానికొకటి ఒక బార్ లోపు తేడాలోనే ఉన్నాయి. తర్వాత కారు కంప్యూటర్‌ని చదివే స్కానర్ పెట్టాడు. ఇంజిన్‌లోకి ఎంత గాలి పోతోందో కొలిచే ఎయిర్ ఫ్లో సెన్సర్ ఉన్నదానికన్నా తక్కువ చెబుతోంది, ఆ మేరకు పెట్రోలూ తక్కువ పడుతోంది. మామూలుగా నడిపేటప్పుడు పొగలో మిగిలిన ఆక్సిజన్ కొలిచే సెన్సర్‌ని బట్టి కంప్యూటర్ ఆ లోటు పూడుస్తుంది కాబట్టి హెచ్చరిక లైటేమీ వెలగలేదు. ఫుల్‌గా తొక్కితేనే బయటపడుతుంది. పాత ఓనరు నూనె పూసే రకం ఎయిర్ ఫిల్టరు వేయించాడు. ఆ నూనె పొర సెన్సర్ మీద పేరుకుంది. సెన్సర్ల కోసమే అమ్మే స్ప్రేతో, గుడ్డ తగలకుండా శుభ్రం చేసి, పూర్తిగా ఆరనిచ్చి బిగించాడు. ఫిల్టరు తీసేసి మామూలు కాగితం ఫిల్టరు వేశాం.

మళ్ళీ అదే వెంచర్, అదే బరువు, అంతే చలి. రెండు దిక్కుల సగటు 5.7. ముక్కలుగా చూస్తే 2.7, 3.0. సుమారు 70 కిలోవాట్లు.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో ఓ ఉదయం మళ్ళీ కొలిస్తే 6.0 వచ్చింది. బావమరిది కంగారుపడ్డాడు గానీ, జనవరిలో 20 డిగ్రీలుంటే ఆ రోజు అప్పటికే 38. గాలి సాంద్రతే ఆరు శాతం దాకా తగ్గుతుంది, టర్బో లేని ఇంజిన్‌కి బలమూ ఇంచుమించు అంతే పోతుంది. పుస్తకంలో అంకె పక్కన ఉష్ణోగ్రత కూడా రాయించాను. ఆ జీపీఎస్ డబ్బా ఇప్పుడు మెకానిక్ దగ్గరుంది, ఇంకెవరిదో పాత ఆరు సిలిండర్ల బండి కోసం అడిగి తీసుకున్నాడు.