హార్డ్‌రాక్ 100కి నేను ప్లాన్ వేసుకున్న తీరు

హార్డ్‌రాక్ 100 అంటే అమెరికాలో వంద మైళ్ళ కొండ పరుగు పందెం. ఎవరు పరుగెత్తాలో తేల్చే లాటరీ డిసెంబర్‌లో తీస్తారు, రేసు జులైలో. పేరు ఇవ్వాలంటే వాళ్ళ జాబితాలో ఉన్న కొండ రేసు ఒకటి పూర్తి చేసి ఉండాలి, రేసులో దిగాలంటే కొండదారి బాగుచేసే పనో వాలంటీర్ పనో ఎనిమిది గంటలు చేసి చూపించాలి. ఇవి అందరికీ తెలిసినవే. అసలు పని పేరు వచ్చాక మొదలవుతుంది.

కొలరాడోలోని సిల్వర్టన్‌లో బయలుదేరి, శాన్ హువాన్ కొండల్లో వంద మైళ్ళ పైచిలుకు చుట్టి మళ్ళీ అక్కడికే రావాలి. ఊరే 9,318 అడుగుల ఎత్తున ఉంది. దారి మొత్తం మీద ఎక్కాల్సింది దాదాపు 33,000 అడుగులు, గడువు 48 గంటలు. మైలుకి 28 నిమిషాలు అంటే నడకే కదా అనిపిస్తుంది. కానీ ఆ గాలిలో గంటకి 1,500 అడుగులు ఎక్కగలిగినా ఎక్కడానికే 22 గంటలు పోతాయి. అందుకే నేను మైళ్ళ లెక్క పక్కన పెట్టి, ఏ టైముకి ఎంత ఎత్తులో ఉంటానో రాసుకున్నాను. జులైలో అక్కడ మధ్యాహ్నం దాటితే ఉరుములు, మెరుపులు. 12,000 అడుగులు దాటాక తలదాచుకోడానికి చెట్టనేది ఉండదు.

దిశ ఏటేటా మారుతుంది. నాది క్లాక్‌వైజ్ ఏడాది, 46 గంటల ప్లాన్. ఉదయం ఆరుకి బయలుదేరితే చాప్‌మన్ గల్చ్ స్టేషన్ (దారిలో తిండి, నీళ్ళు దొరికే మజిలీ) ఒంటిగంటకి వస్తుంది. అక్కణ్ణించి ఆస్కార్స్ పాస్ అనే కనుమకి దాదాపు 3,000 అడుగుల ఎక్కుడు, అంటే పైన ఉండేది సరిగ్గా మూడున్నరకి. పిడుగులు పడే వేళ అదే. అంతకుముందు స్టేషన్లలో ఆగడం తగ్గించి చాప్‌మన్‌ని పన్నెండుకి లాగాను. ఉరుము వినిపిస్తే చెట్ల మధ్యే ఆగడానికి ఒక గంట విడిగా ఉంచాను. రెండో రోజు ఇదే చిక్కు పోల్ క్రీక్ స్టేషన్ దగ్గర వస్తుంది. అదంతా బయలు ప్రదేశం, అక్కడికి చేరేది సాయంత్రం ఐదుకి. 14,048 అడుగుల హ్యాండీస్ శిఖరం మాత్రం ఉదయం తొమ్మిది లోపే దాటేస్తాం కాబట్టి దాని గురించి అంత బెంగ లేదు.

మేముండేది డాలస్. కొండ అన్నది లేదు. ట్రెడ్‌మిల్ 15 శాతం వాలు పెట్టి, వీపు మీద బ్యాగుతో గంటలు గంటలు నడవడమే సాధన. దిగుడు కోసం పార్కింగ్ గరాజ్ మెట్లు. తొడ కండరాలు చచ్చేది దిగేటప్పుడే, చాలామంది ఆ సాధన వదిలేస్తారు. ఎత్తుకి అలవాటు పడటానికి మాత్రం అడ్డదారి లేదు: రేసుకి రెండు వారాల ముందే సిల్వర్టన్‌లో గది తీసుకున్నాను. కూర్చున్నా తగ్గని దగ్గు, ఊపిరిలో గురగుర వస్తే అది ఊపిరితిత్తుల్లో నీరు. వెంటనే కిందికి దిగాలి, రేసు అక్కడితో ఆఖరు. ఈ మాట క్రూకి (దారిలో సాయం చేసే మనవాళ్ళకి) ముందే చెప్పి ఒప్పించాలి, అప్పటికి మన బుర్ర మన మాట వినదు. నొప్పికి ఐబుప్రొఫెన్ వేసుకోవద్దు. ఒంట్లో నీళ్ళు తగ్గినప్పుడు కిడ్నీల మీద పడుతుంది.

తిండి గంటకి 200 నుంచి 250 క్యాలరీలు, నీళ్ళు సుమారు అర లీటరు. పైకి వెళ్ళేకొద్దీ కడుపు మొరాయిస్తుంది, తీపి జెల్ చూస్తేనే వికారం. అందుకని దారిలోని యూరే అనే ఊళ్ళో ఫ్లాస్కులో వేడి చారన్నం, గ్రౌస్ గల్చ్ స్టేషన్‌లో ఉప్పు కాస్త ఎక్కువేసిన ఉడికించిన ఆలుగడ్డలు పెట్టించాను. నెయ్యి, వేపుళ్ళు వద్దు, అంత ఎత్తున అరగవు.

రెండో మైలులోనే మినరల్ క్రీక్ తాడు పట్టుకుని దాటాలి. మిగతా దారంతా తడి పాదాలతోనే అనుకుని బయలుదేరే ముందే వేళ్ళ మధ్య, మడమకి గ్రీజు పట్టించాలి. టెల్యురైడ్, యూరే, షెర్మన్ స్టేషన్లలో పొడి సాక్సులు. చలికి హెడ్‌ల్యాంప్ బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి స్పేర్‌ది లోపలి జేబులో, ఒంటికి ఆనించి.

క్రూకి ఒక్కో చోటికీ ఒక్కో కాగితం: రావాల్సిన టైము, ఇవ్వాల్సినవి, అడగాల్సినవి. ఊళ్ళు దాటితే ఫోన్ సిగ్నల్ ఉండదు. కొండ మీద టెల్యురైడ్ నుంచి యూరే 16 మైళ్ళే, కారులో రిడ్జ్‌వే చుట్టి 50 మైళ్ళు. పేసర్ (నాతో పాటు పరుగెత్తే తోడు) యూరేలో కలవాలి కాబట్టి టెల్యురైడ్‌లో నన్ను పంపిన వెంటనే క్రూ కదిలిపోవాలి. భోజనం యూరే వెళ్ళాకే.

చివరి స్టేషన్ కన్నింగ్‌హామ్‌కి రెండో రాత్రి పదకొండుకి వస్తాను. అక్కడ నుంచి ఇంకా 2,600 అడుగుల నిట్టనిలువు ఎక్కుడు ఉంది. కూర్చుంటే కాళ్ళు బిగుసుకుపోయి లేవలేను. ఆ కాగితం మీద మొదటి వరుస: కుర్చీ కారులోంచి తియ్యొద్దు.